ఫిర్యాది వయసు పంతొమ్మిది రోజులు

గుంటూరు కోర్టు గేటు పక్కన
జిరాక్సు కొట్టు వసారాలో నా టైపు మిషను.
పేజీకి ముప్పై రూపాయలు.
ఏడ్చేవాళ్ళకి రేటు తగ్గించకూడదని
మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

ఫిరంగిపురం నుంచి ఇన్నమ్మ వచ్చింది,
ఉచిత న్యాయ సహాయం వకీలమ్మ రాసిచ్చిన చిత్తుప్రతితో.
ఫిర్యాది పేరు?
ఇంకా పెట్టలేదు.
ఆసుపత్రి కాగితంలో "శౌరమ్మ బిడ్డ, ఆడ".
వయసు?
వేళ్ళు ముడిచి లెక్కేసి చెప్పింది, పంతొమ్మిది రోజులని.
ఆ గడిలో ఇంత చిన్న అంకె
నా మిషను ఎన్నడూ కొట్టలేదు.

నిరుడు ఎండాకాలం యార్డులో
మిరప టిక్కీ జారి కోడలి నడుం మీద పడింది.
మందుల షాపాయన చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు.
పొద్దునొకటి, రాత్రొకటి అన్నాడు.
నొప్పి పోయింది. బిళ్ళ పోలేదు.
నాకు మూడో నెల అని చెప్పినా
"ఏం కాదులేమ్మా" అని ఇంకో షీటు చేతిలో పెట్టాడు.

పుట్టిన రెండో రోజునుంచే వణుకు.
పాలు పట్టదు, నిద్ర పట్టదు.
"అది ఏడుపు కాదమ్మా, రంపం" అంది ఇన్నమ్మ.
డాక్టరమ్మ చుక్కల మందు పోస్తోంది,
అదీ ఆ బిళ్ళ జాతిదేనట,
రోజు రోజుకీ కాస్త కాస్త తగ్గిస్తూ,
అప్పు తీర్చినట్టు.
తను చెయ్యని అప్పు.

వినియోగదారుల కమిషనుకి ఒకటి,
మందుల తనిఖీ అధికారికి ఒకటి.
గడువు రెండేళ్ళు, భయం లేదన్నాను.
ఆమె భయం గడువు గురించి కాదు.
కాగితం పెడితే పిల్లను తీసుకుపోతారా?
తల్లికి మత్తు అలవాటని తెలిస్తే
జీపేసుకుని వస్తారని
వార్డులో ఎవరో అన్నారట.

నేను టైపు కొట్టేదాన్ని, నాకు చట్టం తెలీదు.
వ్యాకరణం కాస్త తెలుసు.
చిత్తుప్రతిలో "సదరు మందుకు అలవాటు పడినది" అని ఉంది.
వేళ్ళు ఆగాయి.
పడినది సరే, పడేసింది ఎవరు?
ఆ వాక్యంలో షాపు లేదు, యార్డు లేదు, టిక్కీ లేదు.
శౌరమ్మ ఒక్కతే నిలబడి ఉంది.
వకీలమ్మకి ఫోన్ చేశాను.
అటువైపు కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.
"మార్చండి" అంది.
"అలవాటు చేసినాడు" అని కొట్టాను.
ఒక్క క్రియ. ముద్దాయి మారాడు.

రుజువులు?
సంచీలోంచి జాగ్రత్తగా పైకి తీసింది,
మొన్న క్రిస్మస్‌కి శౌరమ్మ కట్టిన నక్షత్రం.
వెదురు బద్దల మీద వరసగా కుట్టిన ఖాళీ షీట్లు.
మెరుపు కాగితం కొనలేదు,
ఇంట్లో మెరిసేవి అవే ఉన్నాయి.
తిరగేస్తే చిరిగిన రేకు అంచున బ్యాచి నంబర్లు,
కొన్నిటి మీద షాపాయన పెన్నుతో వేసిన రేటు.
నలభై మూడు షీట్లు. ఒక్కో గుంటా ఒక్కో పూట.
కొట్టాను:
జాబితా ఒకటి. నక్షత్రం, ఒకటి.

అర్జీ చివర్న ఎప్పుడూ ఉండే శీర్షిక, ప్రార్థన.
చదివి వినిపిస్తుంటే ఇన్నమ్మ సిలువ వేసుకుంది.
ఆ ప్రార్థన కాదు అనబోయి ఊరుకున్నాను.
డబ్బులు మూడు పేజీలకే తీసుకున్నాను.
అవి అయిదు.

వేలిముద్ర వార్డులోనే వేయించాలి.
మిషనుకి గుడ్డ కప్పి నేనూ వెళ్ళాను, ఎందుకో.
శౌరమ్మ బొటనవేలు వణికి మొదటి ముద్ర చెదిరింది.
రెండోది కూడా.
మూడోసారి ఆమె మణికట్టు నేను పట్టుకున్నాను,
ఎవరిది వణుకో తెలియలేదు కానీ
ముద్ర పడింది.

అప్పుడు పక్క తొట్టిలో ఫిర్యాది తుమ్మింది.
"నూరేళ్ళు" అంది ఇన్నమ్మ.
నర్సు వచ్చి ఆ తుమ్మును చార్టులో రాసుకుంది.
అదీ ఒక లక్షణమేనట.